నడిమి పెట్టె

హలో… ఆ, నేనేరా రాజా, డెబోరక్కని… ఏందిరా ఆ మోత, యాడుండావు?

…గూడూరులోనా. కల్యాణ మండపంలో మైకులు కడతా ఉండావా. సరే, ఒక పక్కకి రా. నీ మైకుల పనే నాకూ పడింది.

…లేదు లేదు, అందరం బాగుండాం. మా అత్తకేం, రాయిలాగుండాది. రెబెక్కమ్మగారు తలకు పోసుకోని, ఉతికిన చీర కట్టుకోని, మధ్యాన్నం నుంచి కుర్చీలో కూచోనుండాది… ఎందుకా. టీవీ చూసేదానికి.

అవును, టీవీనే. మా ఇంట్లోనే.

…నమ్మకపోతే మానుకో. మీ బావే కొన్నాడు. సంఘపెద్ద హెబ్రోనుగారే. ఇన్నేళ్ళు టీవీ అనేది మా గడప దాటకూడదన్న మనిషి నిన్న నెల్లూరు పొయ్యి, వ్యానులో ఏసుకోనొచ్చినాడు. టీవీ ఒక్కటే కాదురా. దాంతో ఏందో హోమ్ థియేటరంట. పెట్టెలే పెట్టెలు. ఇల్లంతా అట్టలూ, థర్మాకోలు ముక్కలూ.

—నవ్వబాకరా. నాకు ఏడుపొస్తా ఉండాది.

…అడిగినా, ఎందుకడగను. క్రిస్మస్ పాటలు వినేదానికన్నాడు. ఎండలకి కాకులు సొమ్మసిల్లి పడతా ఉండాయి, ఈయనకి క్రిస్మస్ పాటలు. అది కాదులే. మెర్లిన్ గొంతిచ్చిన ఆ వెబ్ సిరీసు వచ్చేసింది గదా. హీరోయినుకి మొదట్నించీ చివరిదాకా మన పిల్లే మాట్లాడిందంట గదా…

…ఆ, నాకూ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నేను వాళ్ళ నాయనకి చెప్పలా. చర్చిలో ఎవరో ముందే చెప్పుంటారు. ఈయనేమో నోరు తెరిచి కూతురి మాట వినాలనుండాదని చెప్పడు. పాటలంట, పాటలు.

అదట్టుంచు. పని జరగట్లేదురా. బిగించే మనిషి సోమవారం వస్తానన్నాడంట షాపులో. ఈయనకి సోమవారం దాకా ఆగే ఓపికుంటే గదా. పొద్దున్నుంచి తనే బిగిస్తా ఉండాడు. నడింట్లో కాలు పెట్టే చోటు లేదు, ఎటు పోయినా వైర్లే. అన్నం తినమంటే కసురుకున్నాడు. రాత్రికి మెర్లిన్ ఫోన్ చేసి, 'అమ్మా, విన్నావా' అంటాది. ఏం చెప్పేది నేను?

…బొమ్మ వస్తా ఉండాది. ఆయన ఫోన్లోంచి నెట్టు కలిపినాడు, బొమ్మ బాగానే వస్తా ఉండాది. సద్దు మాత్రం టీవీలోంచే, చీమ మాట్లాడినట్టు. ఆ పెట్టెల్లో ఉలుకూ లేదు పలుకూ లేదు.

…ఫోన్ ఆయనకిమ్మంటావా, ఇస్తే ఆయన తీసుకుంటాడా. నీకు చేస్తా ఉండానని కూడా చెప్పలా. వంటింట్లో నిలబడుకోని మాట్లాడతా ఉండా.

…

రాజా, ఆ పాత కత ఇప్పుడెత్తబాక. గొంతు పరీక్షకని నువ్వు పిల్లని ఎంటబెట్టుకోని మద్రాసు రైలెక్కినావు. సినిమావాళ్ళ దగ్గరికి ఆడపిల్లని తీసకపోతావా, ఇంక నా గడప తొక్కొద్దని ఆయనన్నాడు. నువ్వు తొక్కలా, ఆయన పిలవలా. ఆ రోజు నుంచీ ఇటు మాటటు, అటు మాటిటు మోసే పని నాకు పడింది. ఇయ్యాల కూడా మోస్తాలే. ఏం చెయ్యాలో చెప్పు.

…లావు వైరా. కొస చదునుగా ఉంటాదా. ఉండు, నడింట్లోకి పోతా ఉండా.

ఏమయ్యా, కాస్త జరుగు… రాజా, ఫోన్లో… ఏ రాజా ఏందయ్యా, నా తమ్ముడు. మైకుసెట్టు రాజ్ కుమార్. …నువ్వు మాట్లాడొద్దులే, నిన్ను మాట్లాడమని ఎవరడిగినారు.

ఆ, చెప్పరా. టీవీ వెనక చీకటిగా ఉండాది. టార్చి… ఆ, ఏసినా. ఒకటే మాదిరి చిల్లులు మూడుండాయి. లావు వైరు మొదటిదాంట్లో ఉండాది. …కింద అక్షరాలా? చీమతలకాయంత రాసినారు. ఏ… ఆర్… సీ. అది రెండోదాని కింద ఉండాది.

…అంతేనా? మొదటిదాంట్లోంచి పీకి దాంట్లో గుచ్చాల్నా?

ఏమయ్యా, విన్నావు గదా. …పుస్తకంలో అట్టా లేదంటా ఉండాడురా.

…పుస్తకం మూసి పక్కన పెట్టమంటా ఉండాడయ్యా.

…అది నేను చెప్పన్రా. వాడు చెప్పినాడనీ, నువ్వు చెప్పినావనీ ఇంక ఎవరి మాటా ఎవరికీ చెప్పను. నేనే గుచ్చుతా, జరగండి.

గుచ్చినా. …ఏం రాలేదు. …రిమోటా, అత్త ఒళ్ళో ఉండాది. అత్తా, ఇటియ్యి. ఇస్తాలే మళ్ళీ. …సెట్టింగులు. సౌండు. దాంట్లోకి పొయినా. …'టీవీ స్పీకర్' అని ఉండాది. …దాని కింద ఇంకోటుండాదిరా. దాన్ని నొక్కాల్నా. నొక్కినా.

—అమ్మో.

…వినపడిందా నీకు. గూడూరు దాకా వినపడుంటాదిలే. కిటికీ రెక్కలు దడదడలాడినాయి. మా అత్త రెండు చెవులూ మూసుకునింది. తగ్గించయ్యా, తగ్గించు… ఆ.

వచ్చిందిరా. వచ్చింది, చానా సంతోషం. మళ్ళీ చేస్తాలే, నువ్వు నీ పని… ఉండు. ఉండు, పెట్టబాక.

…మ్యూజిక్కొస్తా ఉండాది. వాన పడతా ఉంటే వాన సద్దొస్తా ఉండాది, అచ్చం మన రేకుల మింద పడినట్టు. మనుషులు నోళ్ళు తెరస్తా ఉండారు, మాట రావట్లేదు. …లేదురా, బొత్తిగా. చెవి పెట్టి వింటే ఎక్కడో బావిలో గొణిగినట్టు.

…పెంచి చూసినాడు. పెంచితే వాన పెద్దదవతా ఉండాది, అంతే.

ఇదేం కర్మరా నాకు. ఆ పిల్ల మాట వినేదానికి కొంటే, మాటొక్కటి తప్ప లోకంలో ఉండేవన్నీ వినపడతా ఉండాయి.

…

ఏందయ్యా? …ఆ స్క్రూడ్రైవర్ ఎందుకట్టా విసిరేస్తావు, అత్త కాలికి తగిలుంటే? …అన్నీ పెట్టెల్లో సర్దేస్తావా. సర్ది?

…ఏమన్నాడా. నువ్వు వినకుండా ఉంటేనే బాగుండురా. దేవునికిష్టం లేదంట. అందుకే అన్ని సద్దులూ వచ్చి పిల్ల మాట రాలేదంట. నేనేదో ఆశపడితే దేవుడు నా నోరు మూయించినాడు అంటా ఉండాడు.

ఏమయ్యా, నేనడగతా చెప్పు. ఈ వైర్లు బిగించింది దేవుడా? పొద్దున్నుంచి బిగించింది నువ్వు. తప్పుంటే నీ బిగింపులో ఉంటాది గానీ ఆయన మిందికి తోస్తావే. కూచో. సర్దబాక. నేను చెప్పిందాకా ఒక్క పెట్టె కూడా ముట్టుకోబాక.

…ఉండానురా, ఉండా. నాకేం కాలేదు. చెప్పు.

…మాటలన్నీ ఒక్క పెట్టెలోనే వస్తాయా? …ఓహో. నడిమి పెట్టెలో. మిగతావన్నీ పాటకీ వానకీనా. మరి ఆ ముక్క ముందు చెప్తే… సరే, సరే, నేనడగలా.

…రిమోట్లో 'టెస్ట్' అని ఉండాది. ఇది హోమ్ థియేటరు రిమోటు గదా, ఆ. నొక్కినా. …ఎడమ పక్క పెట్టెలో 'సుయ్' మంటా ఉండాది. …ఇప్పుడేమీ లేదు. …ఇప్పుడు కుడి పక్క. …ఇప్పుడు వెనకాల, మా అత్త తల దగ్గర. …మళ్ళీ ఎడమ. …అవున్రా, నడిమిదాని వంతొచ్చినప్పుడు ఏమీ లేదు. అదే చచ్చిపొయ్యుండాది.

…కొత్తదేరా, నిన్ననే గదా అట్ట ఇప్పింది. …వైరా. ఉండు, చేత్తో తడమతా పోతా. పెట్టె టీవీ కింద ఉండాది. వైరు చాప కిందికి పొయ్యింది. ఏమయ్యా, చాప ఎత్తు. …ఇక్కడ నల్ల టేపు చుట్టుండాదిరా. రెండు చోట్ల. మధ్యలో ఏరే వైరు, పాతది.

ఏందయ్యా ఇది? …అసలు వైరు పొట్టిదయ్యిందంట. ప్లగ్గు ఆ మూల గూట్లోనే ఉండాది గదా మాకు, పెట్టెలన్నిటికీ సద్దు పంపే మిషన్ అక్కడ పెట్టి, ఈ పెట్టె ఇక్కడ పెట్టినాడు. అందకపోతే మధ్యకి కోసి, పాత వైరు ముక్క కలిపినాడంట. …యాడిది? దొడ్లో లైటుకి కట్టి పీకేసిందంట.

…అన్నేళ్ళు బైటుండిందే. టేపు ఇప్పి చూడమంటావా. …ఇప్పినా. రాగి పచ్చగా పొయ్యిందిరా, పాచి పట్టినట్టు. ముట్టుకుంటే పొడి రాలతా ఉండాది. మా ఊరి ఉప్పుగాలికి గేటు గొళ్ళేలే తినిపోతా ఉండాయి, ఇదెంత.

…ఆ ముక్క తీసి పారేసి, అసలు వైరు రెండు కొసలూ కలిపేయాల్నా. మరి అందదు గదా. …పెట్టెనే మిషన్ దగ్గరికి తీసకపోతే సరిపోతాదా.

ఏమయ్యా, పెట్టెని… వద్దంటా ఉండాడురా. టీవీ కిందనే ఉండాలంట. పుస్తకంలో బొమ్మ అట్టుండాదంట.

…చూడయ్యా. బొమ్మలో ఉన్నట్టు కనపడాల్నా, పిల్ల మాట వినపడాల్నా? ఒకటి చెప్పు.

…

ఆ. స్టూలు తెస్తా ఉండాడు.

ముందు కరెంటు తీసేసినా, చెప్పు. …టార్చి నేను పట్టుకోవాల, వైరు కూడా పట్టుకోవాల. నాకు రెండు చేతులూ కావాలిరా, ఫోన్ స్పీకర్లో పెట్టి స్టూలు మింద పెడతా ఉండా. …ఆయనకీ వినపడతాది. వినపడనీ. ఏం చేద్దాం ఇంక.

…కొసల మింద ప్లాస్టిక్కు వలవాల్నా. ఎంత పొడుగు? …ఏమయ్యా, గోరంత పొడుగు వలవమని— సరే, వలస్తా ఉండావే.

…తెల్లగీత ఉండేదాన్ని తెల్లగీత ఉండేదానికే… ఆ, చుడతా ఉండాడు. నేను చెప్పేలోపలే చుడతా ఉండాడు.

…ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా టేపు ఏయాల్నా. …ఏసినాడు. …గట్టిగా లాగి చూడమంటావా. …లాగినాడురా. ఊడలా.

…మీ బావా. నువ్వు చెప్పేది నీ మైకుసెట్టు పిల్లోళ్ళు విన్నట్టు వింటా ఉండాడు. అనకూడదు గానీ, అనేసినాలే.

కరెంటేస్తా ఉండా. …ఆ టెస్టు మళ్ళీ నొక్కాల్నా. నొక్కినా. ఎడమ పక్క… ఇప్పుడు…

'సుయ్' మనింది. అనిందిరా. నడిమిది అనింది.

అత్తా, మొదట్నుంచి పెట్టు, నీ చేతిలోదే నొక్కు. ఆ గుండ్రటిది. …వాన. మ్యూజిక్కు. బస్టాండులో ఒకమ్మాయి తడస్తా నిలబడుండాది. ఇంకా ఏమీ మాట్లాడలా… ఉండు…

…

…

విన్నావా రాజా. నీకూ వినపడిందా.

'లాస్టు బస్సు వెళ్ళిపోయిందా అండీ' అనింది. అంతే. ఎవరో ముసలాయన్ని అడిగింది. మన మెర్లినేరా. మన యాస ఒక్క ముక్క లేదు. అయినా అదే. చిన్నప్పుడు జలుబు చేస్తే గొంతు కాస్త జీరపొయ్యేది చూడు, వానలో తడిసినట్టు అచ్చం అట్నే అడిగింది.

మా అత్తని చూడాలి నువ్వు. వాకిలి దిక్కు తిరిగి, పిల్లొచ్చింది, తలుపు తియ్యండంటా ఉండాది. రాలేదత్తా, టీవీలో. …కాదు, ఆ మొహం ఏరే పిల్లది. మాటొక్కటే మనది. …ఎట్టా చెప్పేది ఈమెకి. ఈ పిల్ల మన పిల్ల గొంతెందుకు తీసుకునింది, దీనికి సొంత గొంతు లేదా అంటా ఉండాది.

రాజా… ఉండావా? …ముక్కు చీదబాకరా, మండపంలో జనం చూస్తారు.

…మీ బావా. కింద కూచోని కోసేసిన వైరు ముక్కలు ఏరతా ఉండాడు. ఒక్కొక్కటే. ఈ దిక్కు తిరగలా. …ఏమయ్యా? …మళ్ళీ పెట్టమంటా ఉండాడు. అదే, బస్సు మాట. అత్తా, వెనక్కి తిప్పు. ఇటియ్యి, నేను తిప్పతా.

…

ఆ. విన్నాడు. మళ్ళీ పెట్టమంటా ఉండాడు.

…సరేరా, నీకు పనుండాది, పెట్టేస్తా. రాత్రికి మెర్లిన్‌తో నేనే— ఏందయ్యా? మెల్లిగా కాదు, వినపడేటట్టు చెప్పు.

…

…నన్నడగమంటావా.

రాజా, మీ బావ నిన్నొకటి అడగమంటా ఉండాడు. ఈ మాటలు చెప్పేటప్పుడు పిల్లని ఏదో గదిలో పెట్టి తలుపేస్తారంట గదా. ఆ గదిలో అది ఒక్కతే ఉంటాదా, మగోళ్ళు కూడా ఉంటారా, బైటికి కనపడేటట్టు అద్దమన్నా ఉంటాదా అని… ఇన్ని దినాలుగా దాని గురించే…

ఆగు, చెప్పబాక. నాకు చెప్పబాక.

ఏమయ్యా, నేనడగను. ఆ గది చూసొచ్చినోడు వాడు. భయపడతా ఉండేది నువ్వు. మధ్యలో నాకేం తెలుసు. ఇంద, తీసుకో. …వాడేమీ అనడు, తీసుకో. స్పీకరు తీసేసినా, చెవి దగ్గర పెట్టుకోని మాట్లాడు. దూరంగా పొయ్యి మాట్లాడు. నేను ఇది మొదట్నుంచి చూడాల.