బస్తాకి ముప్పై తట్టలు

కూలిన మందిరం గోడ దగ్గర మేస్త్రి, పాస్టరు నిలబడి ఉన్నారు.

"ఉపవాసం ఇంకా ఎన్నాళ్లండి, అయ్యగారూ?"

"మూడు రోజులు. ఇది దేవుడి తీర్పు. అందరం ఏడ్చి పశ్చాత్తాపపడాలి."

"ఆ ముసలమ్మ మంచినీళ్లు కూడా ముట్టడం లేదండి. తను ప్రార్థనలో కునుకు తీసినందుకే గోడ మీద పడి మొగుడు పోయాడంటోంది."

"ఏడవనీ. మనసు తేలికపడుతుంది."

"బస్తా సిమెంటుకి పదిహేను తట్టల ఇసుక కలపాలండి. నేను ముప్పై కలిపాను."

"తెలుసు."

"తెలుసా?"

"ప్రారంభోత్సవం ముందురోజు గోడ మీద చెయ్యి వేస్తే పొడి రాలింది. పిలుపులు వెళ్లిపోయాయని ఊరుకున్నాను."

"మరి తీర్పు అన్నారేంటండీ?"

"నా పేరు రాకుండా ఉంటుందని."

"ఆవిడ మాత్రం తన పేరే చెప్పుకుని ఏడుస్తోందండి."

"పద, ఆవిడ దగ్గరికి వెళ్దాం. నీ సంగతి కూడా నేనే చెప్తాను."

"వద్దండి. నాది నేను చెప్పుకుంటాను. మీది మీరు చెప్పండి."