అమ్మ సైగ

మధ్యాహ్నం, వడ్రంగి షాపు. అన్నకి పుట్టుకతోనే వినపడదు. చెల్లెలికి వినపడుతుంది. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు.

"ముందు ఆ ఉలి కింద పెట్టు అన్నయ్యా. పనిముట్టు పట్టుకుని మాట్లాడితే నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది."

"పెట్టాను, చెప్పు. బయట ఆ కారెవరిది? వచ్చి ఆగింది, ఎవరూ దిగలేదు."

"నా కోసమే. కోర్టుకి తీసుకెళ్తారు. నువ్వు ఫోన్లో ఈ వీడియో చూడు."

"కోర్టు వాళ్ళు కార్లు కూడా పంపుతున్నారా? పెద్దదానివైపోయావే."

"వీడియో చూడమన్నాను."

"చూస్తున్నా. ఎవరీమె?"

"ఒక పెద్దాయన్ని కనిపెట్టుకుని ఉండే ఆయా. నీలాగే వినపడదు. వేరే దేశం నుంచి పనికొచ్చింది. మందు మోతాదు మించి ఆ పెద్దాయన పోయాడు. తనే ఇచ్చానని పోలీసుల ముందు ఒప్పుకుంది. ఆమె సైగల్ని మాటల్లో చెప్పింది నేనే."

"ఒప్పుకుందిగా. ఇక నాతో ఏం పని?"

"ఇవాళ జడ్జి ముందు నేను ప్రమాణం చెయ్యాలి, చెప్పిందంతా సరిగ్గానే చెప్పానని. చేశానంటే ఇక ఆమె బతుకంతా జైల్లోనే. ముందు ఒకసారి చూసుకోమని ఆమె తరఫు లాయరమ్మ, స్టేషన్లో తీసిన ఈ వీడియో పంపింది."

"చూసుకో, చెయ్యి. నీకు చేతకాని పనా? నడక రాకముందే సైగ వచ్చినదానివి."

"పొద్దున జైలుకెళ్ళాను. తిన్నావా అని అడిగాను, అంతే. నా మొహం వంక చూస్తూ కూర్చుంది."

"తిన్నావా అంటే అర్థం కాలేదా?"

"కాలేదు."

"మరి స్టేషన్లో చావు గురించి అడిగితే ఎలా అర్థమైందే? ఇటు చూడు. నువ్వు కళ్ళు తిప్పుకుంటే నేను గోడతో మాట్లాడినట్టే."

"చూస్తున్నాను. సైగలే కదా, కాస్త అటూ ఇటూగా ఎక్కడైనా ఒకటే అనుకున్నాను. ఇన్‌స్పెక్టరూ అడిగాడు, ఈమె భాష నీకొచ్చా అని. వచ్చేస్తుందని చెప్పాను."

"ఎక్కడైనా ఒకటేనని ఎవరు చెప్పారు నీకు? చెవిటివాళ్ళ చదరంగం పోటీలకి విదేశం వెళ్ళొచ్చినప్పుడు నేను చెప్పలేదూ? నా గదిలోవాడి చేతులు నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. నావీ వాడికి అంతే. మీ నోటి భాషల్లాగే, ఎక్కడివాళ్ళవి అక్కడే పుట్టి పెరిగాయి."

"మరి తిరిగొచ్చేసరికి ప్రాణస్నేహితులైపోయారుగా."

"వాడు చేసింది నేను తిరిగి చేసేవాణ్ణి, నేను చేసింది వాడు. దీన్ని నువ్విలా అంటావా, అని. కొత్త దేశం మనిషి ఎదురైతే మేం మొదట చేసే పని అదే. అలా ఒక్కో మాటా పోగేసుకుంటాం."

"తిరిగి చేయడం..."

"ఆగు. వెనక్కి జరుపు. ఇక్కడ. ఏమడిగావు?"

"మందు ఇచ్చావా అని."

"ఆమె ఏం చేసింది?"

"మందు, ఇవ్వడం. తల కూడా ఊపింది. ఇచ్చానంటోందని చెప్పాను."

"మందుకి ఏ సైగ చేసింది? బాగా చూసి చెప్పు."

"అరచేతిలో డబ్బా మూత తెరిచినట్టు. కళ్ళజోడు డబ్బా..."

"అది ఎవరి సైగ?"

"అమ్మది."

"అమ్మ మాత్రలన్నీ కళ్ళజోడు డబ్బాలో పెట్టుకునేది కాబట్టి మనింట్లో మందంటే అది. బడిలో నాకు నేర్పింది వేరే. మన వీధిలో చెవిటివాళ్ళకే ఇది తెలీదు. సముద్రం అవతల పుట్టినదానికి మన అమ్మ డబ్బా ఎలా తెలిసింది?"

"తొందరలో నా చేతికి అదే వచ్చింది అన్నయ్యా. ఇంటి అలవాటు. అంటే ఆమె..."

"ఒప్పుకోలేదు. నిన్ను అడిగింది. మందంటే ఇదా, ఇవ్వడమంటే ఇదా, అని. ఆ తల ఊపడమూ అంతే, చూస్తున్నాను చెప్పు అని. ఇందాకట్నుంచి నేను ఊపడం లేదూ?"

"ఇప్పుడు వెళ్ళి తప్పు చెప్పానంటే ఇక నన్నెవరూ పనికి పిలవరు."

"చెప్పకపోతే?"

"అలా చూడకు."

"చూడకుండా ఎలా వింటాను? కళ్ళు తుడుచుకో. ఇంకా వీడియో ఉంది. ఇక్కడ నువ్వేం చేస్తున్నావు?"

"ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, ఒప్పుకుందని చెప్తున్నాను."

"నువ్వటు తిరిగాక ఆమె ఆపలేదు. చూడు. అమ్మ డబ్బా. ఇవ్వడం. తర్వాత వేలు."

"వేలు ఎటు చూపిస్తోంది?"

"తలుపు దగ్గర నిలబడ్డవాడి మీదికి. నీ దగ్గర అప్పుడే నేర్చుకున్న రెండు మాటలతో నీకే చెబుతోంది, నువ్వే చూడలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఎవరతను?"

"పెద్దాయన కొడుకు."

"కొడుక్కి అక్కడేం పని?"

"ఫిర్యాదు ఇచ్చింది అతనే. సైగలు తెలిసిన మనిషి ఉందని నన్ను పిలిపించిందీ అతనే."

"మళ్ళీ కిటికీ వైపు చూస్తావేం? నాతో మాట్లాడు."

"బయట కారులో కూర్చున్నది అతనే అన్నయ్యా."