ముప్ఫై ఎనిమిదో కిలోమీటరు దగ్గర కొళాయి

హలో… ఆఁ, నేనే. జిల్బేర్‌నే.

ఎవరూ?… క్లెమాన్సా. సైకిలు క్లబ్బు క్లెమాన్స్. గొంతు పోల్చుకోలేదమ్మా, ఏమీ అనుకోకు… లేదు లేదు, పనేం లేదు. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి, అంతే. వాటికీ తొందర్లేదు, నాకూ లేదు. చెప్పు.

…ఉత్తరం రాశావా? వచ్చే ఉంటుంది. బల్ల మీద నాలుగైదు కవర్లున్నాయి. ఏది నీదో, ఏది కరెంటు వాళ్ళదో… — చదవలేనమ్మా. కళ్ళు… పోయినేడాది నుంచీ. పక్కలు బాగానే కనిపిస్తాయి, నడిమధ్యన ఓ మచ్చ. ఎవరి వైపు చూస్తే సరిగ్గా వాళ్ళ మొహం మీదే కూర్చుంటుంది… పర్లేదులే, అలవాటైపోయింది. నువ్వు నోటితోనే చెప్పు.

…ఓహో. మన క్లబ్బు సైకిలు దారుల పుస్తకం మళ్ళీ అచ్చు వేయిస్తున్నారా. మంచిదే. నేను వేసిన పన్నెండు దారులూ ఉంటాయిగా?… ఉంటాయి…

ఉంటాయి, కానీ?

…ఏడో దారి.

…ఏడో దారికేమొచ్చింది?

— ఆగాగు. అందులోంచి లా వెర్నాద్ కొండ తీసేస్తారా? ఎవరన్నారు?… కమిటీ. ఆ కమిటీలో కొండెక్కిన మొనగాడెవరో పేరు చెప్పు… నువ్వా… మొన్న ఆదివారమా. పోనీ, నువ్వైనా ఎక్కావు.

చూడమ్మాయ్. కింద ఏటి పక్క రోడ్డు దగ్గరే, నేను కాదనను. తొమ్మిది కిలోమీటర్లకి బదులు నాలుగు. కానీ దాని మీద పాల ట్యాంకర్లు తిరుగుతాయి. సైకిలంటే వాటికి లెక్కే లేదు. పుస్తకం మొదటి పేజీలోనే రాశాను, గంటకి అయిదు బండ్లు దాటితే అది మన దారి కాదని…

…మూసేశారా? పాల ఫ్యాక్టరీ?… నాలుగేళ్ళయిందా.

నాకెవరూ చెప్పలేదు.

సరే, పాలు పోతే పోయాయి. మరి దుంగల లారీలు? ఆదివారం తిరగవమ్మా అవి, నువ్వెళ్ళింది ఆదివారం కదా… మంగళవారం కూడా వెళ్ళావా… గంటలో రెండే బండ్లా… అందులో ఒకటి పోస్టు వాళ్ళది.

హుఁ. గట్టిదానివే.

అయితే కుక్క సంగతేంటి? వంతెన దాటగానే ఆ పొలం వాళ్ళ కుక్క. తిన్నగా పిక్క పట్టేస్తుంది. నా ఎడం పిక్క మీద ఇప్పటికీ… — పొలం అమ్మేశారా… కుక్క కూడా పోయిందా… ముసలిదేలే అది.

ఏమన్నావు?… పైన ఏముందనా.

…పైన…

పైన కొళాయి ఉంది.

…నవ్వకు. నువ్వూ సైకిలు తొక్కేదానివే, నువ్వే చెప్పు. దాహమేస్తే మనం కాఫీ హోటలు వెతుకుతామా, సమాధుల తోట వెతుకుతామా? మన వైపు హోటళ్ళన్నీ మూతపడ్డాయి. సమాధుల తోట ఒక్కటే ఇంకా తెరిచి ఉంది. గేటు తోస్తే కొళాయి… వంతెన దగ్గర కొత్తది పెట్టారా… చల్లటి నీళ్ళా. బాగుంది. ఊళ్ళన్నీ ఖాళీ అయ్యాక నీళ్ళిచ్చారు.

…

క్లెమాన్స్, ఒకటి అడుగుతాను. ఆదివారం పైకెళ్ళావు కదా, గేటు తీశావా?… తీసి? పుస్తకంలో ముప్ఫై ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఓ మూడు వాక్యాలు రాశాను, అవి చూశావా?… అక్కర్లేదు, చదవొద్దు, నాకు నోటికొచ్చు. 'సీసాలో మిగిలిన వేడి నీళ్ళు నేల మీద పారబోయకండి. ఎడమ వైపు మూడో సమాధి మీద పూలకుండీ ఉంది, అందులో పోసి కొత్త నీళ్ళు పట్టుకోండి. వెళ్ళేటప్పుడు గేటు వెయ్యండి.' అదేగా?

…పోశావా? నువ్వు?

…ఎందుకు పోశావమ్మా?… రాసి ఉంది కాబట్టి.

…

మొక్క ఎలా ఉంది?… బతికే ఉందా… పూలు కూడానా. ఎర్రవేనా?… ఎర్రవే. నేను పెట్టింది ఎర్ర జెరేనియమే. అంటే పోస్తున్నారన్నమాట. ఇన్నాళ్ళూ పోస్తూనే ఉన్నారన్నమాట. ఎవరు చదువుతారులే అనుకున్నాను…

ఏడవడం లేదు.

రాతి మీద పేరు చూశావా?… ఇంటిపేరు మీద నాచు పట్టిందా. కింద పేరు చదివావుగా… ఆఁ. యుగెత్.

నా భార్యే.

…నువ్వేం తప్పు మాట్లాడలేదమ్మా. నేనెవరికీ చెప్పలేదు, నీకెలా తెలుస్తుంది.

ఈ పన్నెండు దారులూ నేను వేశానని అందరూ అనుకుంటారు. వేసింది ఆవిడ. మాది జోడు సైకిలు. హ్యాండిలు తిప్పే ముందు సీటు నాది, వెనక సీటు తనది. ఎదురుగా చిన్న నోటుబుక్కు కట్టుకునేది. కారొస్తే పెన్సిలుతో ఒక గీత. గంటలో అయిదు గీతలు దాటితే ఆ రోడ్డు కొట్టేసేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళు అదే పని. లా వెర్నాద్ రోడ్డు పేజీ ఉంది చూశావూ… దాని మీద ఒక్క గీత లేదు. తేదీ ఒక్కటే ఉంది. ఆ రోజు ఎంత సంబరపడ్డామో. ఫ్రాన్సంతా తిరిగినా ఇలాంటి రోడ్డు దొరకదని, అక్కడే గట్టు మీద కూర్చుని జున్నూ రొట్టె తిన్నాం.

తర్వాత ఆవిణ్ణి తీసుకెళ్ళి అక్కడే పెట్టాను. వాళ్ళమ్మ పక్కన పెట్టమంది… పదకొండేళ్ళు.

అప్పుడు తెలిసింది నాకు, ఒక్క కారు కూడా రాని రోడ్డంటే ఏంటో. ఎవరూ రారు క్లెమాన్స్. నవంబరు ఒకటిన, పోయినవాళ్ళని తలుచుకునే రోజని వచ్చి, వాళ్ళ వాళ్ళకి చామంతులు పెట్టిపోతారు, అంతే. మిగతా ఏడాదంతా గాలి. ఆవిడేమో మాటకారి. సంతలో కూరగాయలు కొనడానికెళ్తే మధ్యాహ్నానికి గానీ తిరిగొచ్చేది కాదు. అలాంటి మనిషిని… మనుషులు రాని చోటు వెతికి వెతికి… అందుకే దారి అటు తిప్పాను. నీళ్ళ కోసమైనా నలుగురొస్తారని. దొంగపనే. క్లబ్బు పేరు చెప్పి ఇంతమంది చేత కొండెక్కించాను.

…వెళ్ళేవాణ్ణి. కళ్ళు పోయేదాకా ప్రతి గురువారం వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు పద్నాలుగు నెలలయింది… బస్సా? ఆ ఊరికి బస్సెక్కడిది?

…వద్దు. కమిటీకి చెప్పొద్దు… వద్దన్నానా. జాలిపడి ఎవరూ కొండెక్కకూడదు. సగం దూరం పోయేసరికి తొడలు పట్టేసి తిట్టుకుంటారు. ఆవిడకి తిట్లు పడవు. నాకెలాగూ తీరిక, దారి తీసేశారన్న తిట్లేవో ఉంటే అన్నీ నేనే తింటాను.

కొట్టెయ్యి. ఏటి పక్క రోడ్డే రాయి. గంటకి రెండు గీతలేగా. ఆవిడున్నా ఒప్పుకునేది.

…ఆఁ. కొట్టెయ్యమంటున్నాను కదా.

…

నువ్వు వెళ్ళి నీళ్ళు పోస్తావా. ఎన్నాళ్ళు పోస్తావు తల్లీ? రేపు పెళ్ళవుతుంది, ఉద్యోగం ఇంకో ఊళ్ళో వస్తుంది. మాట ఇవ్వకు. మాట ఇచ్చాక ఇద్దరికీ బరువు.

…కారొద్దు… కారొద్దమ్మా, నీ మంచితనం నాకు తెలుసు. ఆవిడ నోటుబుక్కులో ఆ పేజీ మీద మొదటి గీత నేను గియ్యాలా?

…ఏది? జోడు సైకిలా?

…ఉంది. కింద సామాన్ల గదిలోనే ఉంది. చక్రాల్లో గాలి ఎప్పుడో పోయుంటుంది… ముందు నువ్వా?… వెనక నేను. కళ్ళు లేని ముసలాణ్ణి వెనకేసుకుని ఆ కొండెక్కుతావా? నా బరువెంతో తెలుసా?… ఎనభై రెండు… నవ్వుతావేం, సగంలో నువ్వే దిగి తోస్తావు.

…వెనక నుంచి ఏం కనిపిస్తుందే అని అడిగేవాణ్ణి ఆవిణ్ణి. నీ వీపు, అనేది. ఇంకేం ఉంటుంది, అనేది.

…

కుదరదు క్లెమాన్స్… కొండ గురించి కాదు. ఆ వెనక సీటు ఆవిడ ఎత్తుకి బిగించి ఉంది. పొట్టిది ఆవిడ. నేను కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి కొట్టుకుంటాయి. లేపాలి. పదకొండేళ్ళుగా ఆ బోల్టు ముట్టుకోలేదు నేను. చక్రాలకి గాలి కొట్టాను, చైనుకి నూనె వేశాను, దుమ్ము తుడిచాను. దాని జోలికి మాత్రం వెళ్ళలేదు.

…

…లేదు, పెట్టెయ్యలేదు. ఆలోచిస్తున్నాను.

…నీ పుస్తకం వచ్చాక ఎవరూ వెళ్ళరు. ఎండలు ముదిరితే ఆ కుండీ పది రోజులు కూడా ఆగదు. అదీ నిజమే.

…ఊఁ.

…ఆదివారం. తొమ్మిదింటికి. వీధి తలుపు తీసే ఉంచుతాను. పంపు తెచ్చుకో, నాది పని చెయ్యట్లేదు. రొట్టె, జున్ను నేను పెడతాను. దారి అడక్కు, నేను చెప్తాను. సున్నపు బట్టీ దాటాక ఎడమకి, అక్కణ్ణించి రెండు మలుపుల దాకా గేరు మార్చకు. కళ్ళు లేకపోయినా అది నాకు కాళ్ళతో తెలుసు… వానైతే పై ఆదివారం. అలాగే. ఉంటాను మరి.

— క్లెమాన్స్. ఉన్నావా? పెట్టెయ్యకు. ఇంకొక్క మాట.

టేపు తీసుకురా. హ్యాండిలు చివర చుట్టేది, నల్లది… బోల్టు విప్పే ముందు సీటు గొట్టానికి ఒక చుట్టు వెయ్యి. సరిగ్గా ఇప్పుడున్న చోట. ఒక వేలెడు కూడా అటూ ఇటూ కాకూడదు… మళ్ళీ దించాలని కాదమ్మా. ఎవరు కూర్చుంటారు ఇంక.

…తడిమితే నాకు దొరకాలి. ఆవిడ ఎంత ఎత్తులో కూర్చునేదో.

…ఆఁ. అంతే.

దుంపలు అడుగంటుతున్నట్టున్నాయి, వాసనొస్తోంది. పెట్టేస్తున్నా.