మందు లేని జాడీ

మీ నాన్నగారి గురించా? కూర్చోండి శకుంతలమ్మా, రేపల్లె బండికి ఇంకా అరగంటుంది. అరవై ఎనిమిదిలోనండీ, బాపట్ల వ్యవసాయ కాలేజీలో మీ నాన్నగారు శేషగిరిరావు గారి దగ్గర నా ఉద్యోగం పురుగుల్ని మేపడం. నవ్వండి, మా ఆవిడా నవ్వేది. పొగాకు లద్దెపురుగులు. జాడీకి ఇరవై. ఆముదపాకు వెయ్యాలి, పెంట ఎత్తాలి. అన్ని జాడీల్లోనూ కంపెనీవాళ్ళు పరీక్షకి పంపిన పురుగులమందు కొట్టి, ఒక్కదాన్లో మాత్రం ఉత్త నీళ్ళు కొట్టేవారు. అదెందుకు సార్ అంటే, "ఒరే పున్నారావూ, మందు లేకపోయినా చచ్చేవి చస్తాయిరా. నీళ్ళ జాడీలో నాలుగు పోయాయనుకో, మిగిలేది పదహారు. మందు జాడీలో ఎనిమిదే మిగిలాయి. పదహారుండాల్సిన చోట ఎనిమిది, అంటే మందు చంపింది సగాన్నే. ఆ నాలుగూ యముడి వాటా, కంపెనీవాడి గొప్ప కాదు" అనేవారు.

నాదేమో టెంపరరీ. ఆ నెల్లోనే పర్మనెంటు చేస్తారని మాట. నీళ్ళ జాడీలో పురుగు చస్తే ఏమనుకుంటారు? పున్నారావు సరిగ్గా మేపలేదనుకోరూ? అందుకని పొద్దున్నే చచ్చినవి తీసేసి, బతికున్నవి వేసేవాణ్ణి. మూడు వారాలు ఒక్కటీ చావలేదు. మీ నాన్నగారు కాయితాలు చూసి కళ్ళజోడు తీశారు. "బాపట్లలో చావులు ఆగిపోయాయిరా? మరి మా మామగారు మొన్నెందుకు పోయినట్టు?" మీ తాతగారే లెండి. కాళ్ళు పట్టుకున్నా. ఏం తిట్టారనుకున్నారు, అవి మీతో చెప్పేవి కావు.

పైవాళ్ళకి మాత్రం పొరపాటు తనదేనని రాశారు. నా ఉద్యోగం నిలిచింది. పరీక్ష మళ్ళీ మొదలు. గాలికి మందు చెదరకుండా కిటికీలు మూసిన గదిలో, ముక్కుకి రుమాలైనా లేకుండా, ఇంకో మూడు వారాలు ఆయనొక్కరే. నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. "నువ్వొస్తే నా పురుగులు చిరంజీవులైపోతాయిరా, అక్కడే ఉండు." డెబ్బై నాలుగులో కదూ పోయారు. యాభై నిండలేదు.

ఏంటీ? మందువల్లేనా అంటారా.

అడుగుతారనుకుంటూనే ఉన్నా. నేనూ లెక్క కట్టానండీ, ఎన్నిసార్లో. ఆ గది మొహం చూడని గుమాస్తా చెంచురామయ్యా ఆ వయసుకే పోయాడు. అలాగని మీ నాన్నగారిని యముడి వాటాలో వేసెయ్యలేం కదా. లెక్క తేలాలంటే ఇంకో శేషగిరిరావు గారు కావాలమ్మా. అదే ఒళ్ళు, అదే తిండి, రెండోసారి మాత్రం ఆ గదిలోకి వెళ్ళని మనిషి. ఆ చచ్చిన పురుగుల్ని నేను అలాగే వదిలేసుంటే...

సంచీ ఇటివ్వండి. బండొస్తోంది.