ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా

స్టుట్‌గార్ట్ శివారులోని ఒక గరాజులో, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పాత స్పోర్ట్స్ కారు ముందు వృద్ధ దంపతులిద్దరు నిలబడి ఉన్నారు. ఏటా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే అది రోడ్డెక్కవచ్చునని నంబరు పలక మీదే అచ్చొత్తి ఉంది. ఆనాడు అక్టోబరు ముప్పై ఒకటి.

“ఇవాళ బోడెన్‌సే సరస్సుకు తీసుకెళ్తానన్నావు. కోటు తొడుక్కుని గంటైంది,” అన్నది ఆమె.

“రోడ్డు తడిగా ఉందే. తుప్పు పడితే? ఏటికేడు విలువ పెరిగే బండి ఇది.”

“నాకు తరిగేది చూపు. వచ్చే ఏప్రిల్‌కి ఆ సరస్సు కనబడదని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది.”

“రైల్లో పోదాం.”

“రైలెక్కడానికేనా మా నాన్న ఇచ్చిన ద్రాక్షతోట అమ్మి మనం దీన్ని కొన్నది? తిప్పకపోతే రబ్బర్లు ఎండి నూనె కారుతుందని మెకానిక్కూ మొత్తుకుంటున్నాడు.”

“రబ్బర్లు కొత్తవి వేయిస్తా. తిరిగిన కిలోమీటర్లు వెనక్కి తేగలనా?”

ఆమె తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుని తాళంచెవి తిప్పింది. చిన్న చప్పుడైనా రాలేదు.

“బ్యాటరీ నిన్ననే తీసేశా.”

“నిన్న ఎండ కాసింది కదయ్యా,” అన్నది ఆమె, దిగకుండానే.

ఆయన వెనకవైపు నుంచి కారుకు ముసుగు కప్పడం మొదలుపెట్టాడు.