బ్రులో గరిటె

ఆపవే తల్లీ, ఆ నారింజ తొక్క అలా ముక్కలు చేస్తే బ్రులో, ఆ బ్రాందీ మంటల కాఫీ, ఎలా కాస్తావు? పాములా ఒకటే చుట్టగా రావాలి. మీ తాతయితే ఈపాటికి నిన్ను వంటింట్లోంచి తరిమేసేవాడు. అవును, మా అన్నయ్యే, ఆల్సీడ్. నువ్వు పుట్టకముందే పోయాడుగా. ప్రభువు ఆయన ఆత్మకి శాంతినివ్వాలి. నాకు మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు.

భోజనమయ్యాక కాఫీ పొయ్యడానికి అంత హంగామా చేసే మనిషిని ఈ న్యూ ఆర్లియన్స్ మొత్తమ్మీద ఇంకొకణ్ణి చూపించు. ఉపవాసాలన్నీ గడిచి, ఈస్టర్ మధ్యాహ్నం కడుపునిండా తిని, ఓ గుక్క తాగి నడుం వాలుద్దామంటేనా? "కిటికీలు మూయండి, నీలిమంట చీకట్లోనే కనపడుతుంది!" మూశాం. "ఫ్యాను ఆపండి, మంట ఆరుతుంది!" ఆపాం. ఏప్రిల్ ఉక్కకి చొక్కాలు ఒంటికి అతుక్కుపోయేవి. అప్పుడు వెండిగిన్నె ముందు నిలబడి ఉపన్యాసం మొదలెట్టేవాడు. పొద్దున చర్చిలో ఫాదర్ గారి ప్రసంగమే నయం, దానికి ఆమెన్ అని ఒక చివరుంటుంది. ఈయన ముగించేలోపు వెచ్చబెట్టిన బ్రాందీ కాస్తా చల్లారేది. చల్లారితే అంటుకోదు కదా! మళ్ళీ వంటింట్లోకి, మళ్ళీ వెచ్చబెట్టడం, మళ్ళీ ఉపన్యాసం మొదటినుంచీ.

సరే, అంటుకున్నాక బాగుండేదిలే, అబద్ధమెందుకు? లవంగాలు గుచ్చిన తొక్కని ఫోర్కుకి వేలాడదీసి, గరిటెతో మండే బ్రాందీ, నారింజ మద్యం దానిమీంచి పోస్తుంటే మంట మెలికలు తిరుగుతూ గిన్నెలోకి దిగేది. చివర్న చికోరీ కాఫీ పోసి ఆర్పేవాడు. మా ఇళ్ళల్లో ఆ గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఇంటిపెద్ద. అందుకే కదా గొడవంతా. ఒక ఈస్టర్‌కి మంట గిన్నెలో కాక బల్లగుడ్డ మీద పోశాడు. మా అమ్మ కుట్టిన లేసు! అప్పట్నుంచీ మీ నాన్న గస్తోన్, అప్పటికి కొత్తల్లుడు, "వచ్చే ఏడాది నేను పోస్తాను మామయ్యా" అనడం, ఈయన మూతి ముడవడం. మా వదిన, అదే మీ అమ్మమ్మ యూలలీ, కూడా అల్లుడి పక్షమే. "ఇచ్చెయ్యవయ్యా, ఇల్లు తగలబెడతావా?" అని ఏడాది పొడుగునా సణుగుడే.

మళ్ళీ ఈస్టర్ వచ్చింది. కిటికీలు మూశాం. "ఇంకా మూయండి, వెలుతురొస్తోంది" అంటాడు. ఎక్కడొస్తోందయ్యా, పక్కనున్న మనిషే కనపడకపోతుంటే! అగ్గిపుల్ల గీశాడు, బ్రాందీ అంటుకుంది, నీలిమంట గిన్నెంతా పరుచుకుంది. ఈయన ఇంకో పుల్ల గీస్తున్నాడు. "ఈ ఏడు బ్రాందీలో నీళ్ళు కలిపారేంట్రా, అంటుకోదే?" అన్నాడు. వేళాకోళమనుకుని అందరూ పగలబడి నవ్వారు. గస్తోన్ లేచి, "ఇటివ్వండి మామయ్యా" అని చెయ్యి చాపాడు.

నేను మా వదిన మొహం చూశాను, ఆ నీలి వెలుతుర్లో. ఆవిడ నవ్వలేదు. ఆ మంటకేసి చూసింది, ఆయన కళ్ళకేసి చూసింది. తర్వాత అల్లుడి చెయ్యి తోసేసి తిట్లు లంకించుకుంది. "నువ్వు కూర్చో! ఏమయ్యా, మంట మండిపోతుంటే ఇంకా పుల్లలేంటి, అగ్గిపెట్టె ఊరికే వచ్చిందా? గరిటె ముంచు. అంత పైకెందుకు ఎత్తుతావు? ఎడమకి! తొక్క ఎడమనుంది, నీ బుర్రలాగే వేలాడుతూ! చాలు, ఇక కాఫీ పొయ్యి, నెమ్మదిగా, పొయ్యమంటున్నానా!" చుక్క బయట పడలేదు. "పండగపూటైనా ఆ మనిషిని వదలదు" అని బల్ల చుట్టూ విసుక్కున్నారు. అన్నయ్య మాత్రం ఆవిడ చెప్పింది చెప్పినట్టే చేశాడు. ఆయన! ఉప్పు తక్కువైందంటేనే ఊరుకోని మనిషి.

అప్పట్నుంచీ ఏటా అంతే. ఆయన పొయ్యడం, ఆవిడ తిట్టడం. ఆవిడ పోయాక వచ్చిన ఈస్టర్‌కి, ఎవరూ అడక్కుండానే, గరిటె మీ నాన్న చేతికిచ్చి కూర్చున్నాడు. దిగులుతో ఇచ్చేశాడన్నారంతా. దిగులే, కాదనను. కానీ ఆ కళ్ళకి ఎడమ ఏదో, కుడి ఏదో చెప్పి తిట్టే మనిషి...

ఆ కత్తి ఇటివ్వు. ఇంకో నారింజ తే.