రెండు పరికరాల సాక్ష్యం

పొద్దున ఎగరేసిన బెలూన్ పైనుంచి పంపిన అంకెలు చూసి, వాతావరణ కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి ఎర్ర పెన్ను మూత తీసింది. వచ్చే వారం రిటైరవుతున్న పెద్దాయన టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఎవరి మీదమ్మా పెన్ను దూస్తున్నావ్?”

“ఈ బెలూన్ మీదే బాబాయ్‌గారూ. పాతిక కిలోమీటర్ల ఎత్తులో నిన్నటికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువట! పరికరం లోపమని రాసి కొట్టేస్తున్నా.”

“ఓజోన్ సంగతేంటి?”

“అదీ పెరిగింది. రెండు పరికరాలూ పాడైనట్టున్నాయి.”

“దేని దారి దానిదే కదమ్మా. రెండూ కూడబలుక్కుని అబద్ధం చెప్తాయా?”

“మరి అంత వేడి ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“ఇంకా పైనుంచి. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగున వేడెక్కుతుందా లేదా? ఇదీ అంతే. పై గాలి కిందికి దిగితే నొక్కుకుపోయి వేడెక్కుతుంది. వస్తూ వస్తూ అక్కడి ఓజోన్‌ని కూడా వెంటబెట్టుకొస్తుంది.”

“అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?”

“బీరువాలో అట్ట ఊడిన పుస్తకం ఉంటుంది, తీసి చూడు.”

ఆమె తీసింది. ముప్పై ఏళ్ల నాటి పేజీలో అచ్చం ఇలాంటి అంకెలే. వాటి మీద అడ్డంగా ఎర్ర గీత, పక్కన ‘పరికరం లోపం’ అని గుండ్రటి అక్షరాలు.

“ఇది మీ చేతిరాతే!”

“మరే. చేరిన కొత్తలో నేను మహా తెలివైనవాణ్ణిలే. ఆ గాలి మళ్ళీ ఎప్పుడు దిగుతుందా అని ఇన్నేళ్లూ కాచుక్కూర్చున్నా. వెళ్లిపోయేముందు దయతలిచింది. ఏదీ, ఆ ఎర్ర పెన్ను ఇలా ఇవ్వు.”

పెద్దాయన పాత పేజీలో ‘పరికరం’ అన్న మాట కొట్టేసి, దాని పైన ‘నా’ అని రాశాడు.